చదివింది వేరు, వచ్చింది వేరు

పదో తరగతి పరీక్ష రాసి బయటికొచ్చిన పిల్లల్ని గేటు దగ్గర ఎవరైనా "ఎలా రాశావమ్మా?" అని అడిగితే తరచుగా వినిపించే జవాబు ఒకటుంది. "ఆ ప్రశ్న చదివానండీ, కానీ అక్కడ కూర్చుంటే రాలేదు." ఈ మాటను పెద్దలు సాకుగా తీసిపారేస్తారు. సరిగ్గా చదివి ఉండదులే అనుకుంటారు. పిల్లలు మాత్రం నిజమే చెబుతున్నారు. చదివారు. నాలుగుసార్లు చదివారు. అయినా రాలేదు.

మన భాషకు ఈ తేడా ఎప్పటినుంచో తెలుసు. "పాఠం చదివావా?" అనేది ఒక ప్రశ్న, "పాఠం వచ్చిందా?" అనేది ఇంకో ప్రశ్న. వాడికి ఎక్కాలు వచ్చు అంటాం, ఈత వచ్చు అంటాం, పద్యం వచ్చు అంటాం. చదవడం మనం చేసే పని. రావడమంటే, పిలిచినప్పుడు ఆ విషయం మన దగ్గరికి నడిచి రావడం. పరీక్ష అడిగేది ఈ రెండోదాన్ని. మన పిల్లల రోజు చాలావరకు గడిచేది మొదటిదాంతో.

చదువు గురించి సలహాలిచ్చేవాళ్లు సాధారణంగా టెన్షన్‌ను వేరే విషయంగా చెబుతారు. ముందు టైమ్ టేబుల్, తర్వాత ప్రాణాయామం. నాకు మాత్రం ఇవి రెండూ ఒకే ముడికున్న రెండు కొసల్లా కనిపిస్తాయి. పరీక్షకు పది రోజులు ఉందనగా, తనకు ఏది వచ్చో ఏది రాదో పిల్లకే తెలియకపోతే గుండె దడదడలాడకుండా ఎలా ఉంటుంది? ఆ దడను తగ్గించడానికి మళ్లీ మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెడుతుంది. ఎంత చదివినా తనకు వచ్చిందో లేదో తేలదు. దడ అలాగే ఉంటుంది.

కాబట్టి ముందు ఈ చదవడం అనే పని మనల్ని ఎలా మోసం చేస్తుందో చూడాలి.

ఒక పాఠం మొదటిసారి చదివినప్పుడు కష్టంగా ఉంటుంది. రెండోసారి సాఫీగా సాగుతుంది. మూడోసారికి కళ్లు పరుగెడతాయి, "ఇదంతా నాకు తెలుసు" అనిపిస్తుంది. నిజానికి అక్కడ జరిగింది పేజీతో పరిచయం పెరగడమే. బజార్లో ఎదురైన మనిషిని చూడగానే గుర్తుపడతాం, పేరు చెప్పమంటే నాలుక చివరే ఆగిపోతుంది. గుర్తుపట్టడం ఒక పని, గుర్తు తెచ్చుకోవడం మరో పని. పుస్తకం తెరిచి ఉన్నంతసేపూ మనం చేసేది మొదటిదే. పసుపు, గులాబీ రంగుల హైలైటర్లతో గీసిన గీతలదీ అదే కథ. గీసిన లైను మళ్లీ కనబడితే పాత స్నేహితుడిలా పలకరిస్తుంది, పరీక్ష హాల్లో తెల్ల కాగితం ముందు మాత్రం పలకదు.

దీన్ని చక్కగా పట్టి చూపిన ప్రయోగం ఒకటి ఉంది. 2006లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో, వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు చిన్న చిన్న వ్యాసాలు ఇచ్చారు. ఒక గుంపు నాలుగు విడతల్లోనూ చదువుతూనే పోయింది. ఇంకో గుంపు మొదటి విడతలో చదివి, మిగతా మూడు విడతల్లో కాగితం మూసేసి గుర్తున్నదంతా రాసింది. మొదటి గుంపు ఆ వ్యాసాన్ని సగటున 14 సార్లకు పైగా చదివితే, రెండో గుంపు మూడున్నర సార్లు కూడా చదవలేదు.

అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లే గెలిచారు. వాళ్లకు 83 శాతం గుర్తుంది, రెండో గుంపుకు 71 శాతం. వారం తర్వాత పెట్టిన పరీక్షలో లెక్క తలకిందులైంది. చదువుతూ పోయినవాళ్లకు 40 శాతం మిగిలింది, గుర్తు తెచ్చుకుంటూ పోయినవాళ్లకు 61 శాతం. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఈ అంకెలు కాదు. వారం తర్వాత ఎంత గుర్తుంటుందని వాళ్లను ముందే అడిగితే, ఎక్కువ ధైర్యంగా చెప్పింది ఎక్కువసార్లు చదివిన గుంపే. ఎక్కువ మర్చిపోబోతున్నవాళ్లకే ఎక్కువ ధీమా. గేటు దగ్గర ఏడుస్తున్న పిల్ల నిన్న రాత్రి ఎందుకంత ధైర్యంగా ఉందో ఇక్కడ తెలిసిపోతుంది.

ఇదేదో విదేశీ కొత్త పద్ధతి అనుకోనక్కర్లేదు. దీనికి మన ఇళ్లలో ఎంతో పాత పేరుంది: అప్పజెప్పడం. సాయంత్రం దీపాలు పెట్టాక ఎక్కాలు అప్పజెప్పాలి, పద్యం అప్పజెప్పాలి. పుస్తకం పెద్దవాళ్ల చేతిలో, పాఠం పిల్లల నోట్లో. మా అమ్మమ్మకు చదవడం రాదు. అయినా ఆవిడ ముందు పదమూడో ఎక్కం తప్పు చెప్పి దాటిపోవడం నా వల్ల అయ్యేది కాదు. ఎక్కడ గొంతు తడబడుతుందో అక్కడ ఆపి "మళ్లీ చెప్పు" అనేది. అంకెలు తెలియకపోయినా, నాకు ఏది రాదో ఆవిడకు వినబడేది. ట్యూషన్లు వచ్చాయి, హోంవర్క్ వాట్సాప్‌లోకి వచ్చింది, అప్పజెప్పడం మాత్రం ఇళ్లలోంచి మెల్లగా వెళ్లిపోయింది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది, రావాల్సిందే. అప్పజెప్పడమంటే బట్టీ పట్టడమే కదా? కాదు. కానీ రెండూ పక్కపక్క ఇళ్లలో ఉంటాయి కాబట్టి ఒకదాని గుమ్మం ఎక్కబోయి ఇంకోదాంట్లోకి వెళ్లిపోవడం సులువు. బట్టీలో మాటలు ఒకదానికొకటి గొలుసులా ఉంటాయి. మొదటి మాట దొరికితే మొత్తం లాగొచ్చు, మధ్యలో ఒక కొక్కెం ఊడితే ఆ తర్వాతదంతా పోతుంది. పదో తరగతి భౌతికశాస్త్రంలో దృష్టిదోషాల పాఠం తీసుకోండి. "హ్రస్వదృష్టిని పుటాకార కటకంతో సవరిస్తారు" అనే వాక్యాన్ని బట్టీ పట్టిన పిల్లవాడు ఆ వాక్యాన్ని చెప్పేస్తాడు. "మరి కుంభాకార కటకం ఎందుకు పెట్టకూడదు?" అని అడిగితే ఆగిపోతాడు. హ్రస్వదృష్టిలో దూరపు వస్తువు ప్రతిబింబం రెటీనా మీద పడకుండా దానికి ముందే ఏర్పడుతుందని, కిరణాలను కాస్త విడదీసి పంపితే ఆ ప్రతిబింబం వెనక్కి జరిగి రెటీనా మీదికి వస్తుందని, ఆ విడదీసే పని పుటాకార కటకానిదని సొంత మాటల్లో చెప్పగలిగినవాడికి దీర్ఘదృష్టి గురించి వేరే చదవాల్సిన పని దాదాపు ఉండదు. అప్పజెప్పాల్సింది వాక్యాన్ని కాదు, ఆ "ఎందుకు"ని.

ఇంగ్లిష్ మీడియం పిల్లల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. ఇంట్లో తెలుగు, బళ్లో ఇంగ్లిష్ ఉన్న పిల్లలు చాలామంది జవాబుల్ని అర్థం కాకుండానే మింగేస్తున్నారు. వాళ్ల తప్పేం లేదు, అర్థం చేసుకునేంత భాష ఇంకా చేతికి రాలేదు. అలాంటప్పుడు పాఠాన్ని ముందు తెలుగులో చెప్పమనండి. తెలుగులో చెప్పగలిగితే విషయం వచ్చినట్టే, ఇంగ్లిష్ వాక్యాలు దానిమీద కూర్చుంటాయి. తెలుగులోనే చెప్పలేకపోతే ఇంగ్లిష్‌లో ఎంత గడగడా చెప్పినా అది బట్టీయే. రెండు రాష్ట్రాల్లోనూ ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగు ఉండే పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ప్రైవేటు బడిలో చదివే పిల్లలకు కూడా ఆ పుస్తకం ఒకటి దగ్గర పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం.

వినే మనిషి లేనప్పుడు కాగితానికి అప్పజెప్పొచ్చు. పాఠంలో ఒక భాగం చదివాక పుస్తకం మూసేయాలి. పక్క గదిలో పెట్టేస్తే ఇంకా నయం. తెల్ల కాగితం మీద గుర్తున్నదంతా రాయాలి, బొమ్మలతో సహా. దస్తూరి, వరుస పట్టించుకోనక్కర్లేదు. ఇక రావట్లేదు అనిపించాక ఇంకో రెండు నిమిషాలు కూర్చోవాలి. అసలు లాభమంతా ఆ రెండు నిమిషాల్లో ఉంది, ఎందుకంటే వెతుక్కోవడంతోనే దారి గట్టిపడుతుంది. ఆ తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో నింపాలి. ఎర్రగా కనబడేదే రేపటి చదువు. నల్లగా ఉన్నదాన్ని రేపు మళ్లీ చదవనక్కర్లేదు.

మొదటి వారం ఇది చేసిన పిల్లలు బెంబేలెత్తుతారు. కాగితం నిండా ఎరుపే ఉంటుంది. "ఇన్నాళ్లూ నాకు ఏమీ రాలేదా?" అనిపిస్తుంది. ఈ దశలోనే చాలామంది మానేసి, హాయిగా అనిపించే పాత చదువులోకి వెళ్లిపోతారు. ఇంట్లో పెద్దవాళ్లు అండగా నిలబడాల్సింది ఇక్కడే. ఆ ఎరుపు డిసెంబర్‌లో కనబడితే అది సమాచారం. అదే ఎరుపు మార్చిలో పరీక్ష హాల్లో కనబడితే మార్కుల కోత. రెండోది తప్పాలంటే మొదటిదాన్ని చూడగలగాలి.

ఇక ఎప్పుడెప్పుడు అప్పజెప్పాలన్నది. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాల జాబితాలను తనే కంఠస్థం చేసి, తనే మర్చిపోయి, తనే కొలిచి, 1885లో పుస్తకంగా అచ్చు వేశాడు. ఒకసారి వచ్చిన జాబితాను తిరిగి నేర్చుకోవడానికి మొదటిసారి కన్నా ఎంత తక్కువ సమయం పడుతుందన్నది ఆయన కొలమానం. 20 నిమిషాలకు 58 శాతం ఆదా అయ్యేది. ఒక రోజు గడిస్తే 34 శాతానికి పడిపోయింది. నెల తర్వాత చూస్తే 21 శాతం. అంటే మరుపు మొదటి రోజే మీద పడి దోచుకుంటుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. అర్థమైన పాఠం ఆ అక్షరాలంత త్వరగా పోదు గానీ, గీత వంపు మాత్రం ఇలాగే ఉంటుంది.

దీన్ని బట్టి చేయాల్సింది చాలా చిన్న పని. ఇవాళ బళ్లో చెప్పిన పాఠాన్ని రేపు ఒకసారి పుస్తకం చూడకుండా చెప్పుకోవాలి. మళ్లీ మూడు నాలుగు రోజులకు, ఆ తర్వాత వారం పది రోజులకు, ఆపైన నెలకు. ప్రతిసారీ పట్టే సమయం తగ్గుతూ వస్తుంది. రోజూ కొత్త పాఠం తెరిచే ముందు పాతవాటికి పావుగంట ఇస్తే సరిపోతుంది. అయిదు గంటలు ఒకే ఆదివారం కూర్చోవడం కన్నా, అదే అయిదు గంటల్ని ఇరవై రోజుల మీద పావుగంట చొప్పున పరిస్తే ఎక్కువ నిలుస్తుంది. కొంచెం మర్చిపోయాక గుర్తు తెచ్చుకోవడమే ఇక్కడ కీలకం. అసలు మర్చిపోకముందే మళ్లీ చదివితే మెదడుకు పని ఉండదు.

అష్టావధానం చూసినవాళ్లకు ఈ సంగతి కళ్లముందే జరుగుతుంది. సమస్య, దత్తపది, వర్ణన అడిగిన పృచ్ఛకులకు అవధాని పద్యం మొత్తం ఒక్కసారిగా చెప్పెయ్యరు. ఒక ఆవృత్తిలో, అంటే ఒక చుట్టులో, ఒక్కొక్కరికి ఒక్కో పాదం చెబుతూ ముందుకు వెళతారు. మళ్లీ మొదటివారి దగ్గరికి వచ్చేసరికి మధ్యలో మిగతావాళ్ల పాదాలు, మోగిన గంటల లెక్క, అప్రస్తుత ప్రసంగం చేసేవారి అల్లరి అన్నీ గడిచిపోయి ఉంటాయి. అప్పుడు వెనకటి పాదాన్ని పిలుచుకుని, దాని తర్వాతి పాదం అల్లాలి. ఇలా నాలుగు ఆవృత్తులు తిరిగాక చివర్లో ధారణ, అంటే పద్యాలన్నీ పూర్తిగా అప్పజెప్పడం. అవధానుల ప్రతిభ, పాండిత్యం వేరే స్థాయివి, వాటిని రివిజన్‌తో పోల్చడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ నిర్మాణం చూడండి. ఒకదాన్ని వదిలి వేరేదానిలోకి వెళ్లడం, తిరిగొచ్చి పాతదాన్ని పిలవడం, మళ్లీ వదలడం. మన పిల్లల రివిజన్ షెడ్యూలు దీనికి పూర్తి విరుద్ధంగా ఉంటుంది: మూడు రోజులు లెక్కలే, మూడు రోజులు సోషలే.

లెక్కల్లో ఈ పద్ధతి మరీ ఖరీదైనది. 2007లో డగ్ రోరర్, కెల్లీ టేలర్ అనే పరిశోధకులు ఘనపరిమాణం లెక్కలతో ఒక ప్రయోగం చేశారు. కొందరు విద్యార్థులు ఒక ఆకారం లెక్కలన్నీ అయ్యాక ఇంకో ఆకారానికి వెళ్లారు. మరికొందరికి అన్ని ఆకారాల లెక్కలూ కలగాపులగంగా ఇచ్చారు. సాధన చేస్తున్నప్పుడు మొదటివాళ్లు 89 శాతం సరిగ్గా చేశారు, రెండోవాళ్లు 60 శాతమే. వారం తర్వాత పరీక్షలో మొదటివాళ్లకు 20 శాతం, రెండోవాళ్లకు 63 శాతం వచ్చింది. కారణం కష్టమైనదేం కాదు. శంకువు అభ్యాసంలో పది లెక్కలూ శంకువు సూత్రంతోనే తేలతాయని ముందే తెలుసు కాబట్టి, ఏ సూత్రం వాడాలన్న ఆలోచనే చేయక్కర్లేదు. పబ్లిక్ పరీక్షలో "స్థూపాకార పాత్రలోని ఐస్‌క్రీమును శంకువుల్లో నింపితే" అని వచ్చినప్పుడు ఎంచుకోవడమే అసలు పని. ఆ పని ఎన్నడూ చేయని పిల్లవాడు "సూత్రాలన్నీ వచ్చు, లెక్క రాలేదు" అంటాడు. రెండు మూడు అధ్యాయాలు అయ్యాక, వాటిలోంచి చీటీలు తీసినట్టు అక్కడొకటి ఇక్కడొకటి తీసి చేయించడమే దీనికి మందు.

ఇప్పుడు టెన్షన్ దగ్గరికి వద్దాం.

భయం వేసినప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో పదో తరగతి జీవశాస్త్రంలోనే ఉంది. అధివృక్క గ్రంథులు అడ్రినలిన్ విడుదల చేస్తాయి, గుండె వేగం పెరుగుతుంది, చెమట పడుతుంది, కడుపులో తిప్పుతుంది. ఆ తర్వాత నెమ్మదిగా కార్టిసాల్ అనే ఇంకో హార్మోను పెరుగుతుంది. కొద్దిపాటి టెన్షన్ చెడ్డది కాదు. అది లేకపోతే పుస్తకం తెరవబుద్ధి కాదు. మరీ ఎక్కువైతే రెండు నష్టాలు. ఒకటి, ఆ క్షణంలో బుర్రలో పట్టుకోగలిగిన కొద్దిపాటి జాగాను "ఫెయిలైతే ఎలా, నాన్న ఏమంటారు" అనే ఆలోచనలు ఆక్రమిస్తాయి, లెక్కకు చోటుండదు. రెండోది, దాచుకున్న జ్ఞాపకాలను బయటికి తీసే పనికి కార్టిసాల్ అడ్డుపడుతుంది. హాల్లో రాని జవాబు బస్సెక్కాక వచ్చేయడం అందుకే. అది ఎక్కడికీ పోలేదు, తలుపు బిగుసుకుంది.

ఈ తలుపు గురించే 2016లో అమెరికాలోని టఫ్ట్స్ యూనివర్సిటీ పరిశోధకులు ఒక సంగతి కనిపెట్టారు. 120 మంది విద్యార్థులకు కొన్ని మాటలు, బొమ్మలు ఇచ్చి, సగం మందితో మళ్లీ మళ్లీ చదివించారు, సగం మందితో చూడకుండా గుర్తు తెచ్చుకునే సాధన చేయించారు. మర్నాడు వాళ్లలో కొందరిని అప్పటికప్పుడు నలుగురి ముందు ఉపన్యాసం ఇమ్మని, లెక్కలు పైకి చేయమని ఇబ్బంది పెట్టి, కార్టిసాల్ పెరిగే వ్యవధి ఇచ్చి, జ్ఞాపకాన్ని పరీక్షించారు. చదివి నేర్చుకున్నవాళ్లు ఆ ఒత్తిడిలో, ఒత్తిడి లేనివాళ్ల కన్నా తక్కువ గుర్తుతెచ్చుకున్నారు. గుర్తు తెచ్చుకుంటూ నేర్చుకున్నవాళ్ల మీద ఒత్తిడి ప్రభావం కనబడలేదు. పదిసార్లు తెరిచిన తలుపు, చేతులు వణుకుతున్నా తెరుచుకుంది.

నేను ముందు చెప్పిన రెండు కొసలు కలిసేది ఇక్కడే. అప్పజెప్పుకున్న పిల్లకు రెండు రక్షణలు. తనకు ఏది వచ్చో ముందే తెలుసు కాబట్టి భయం తక్కువ, భయపడినా జవాబు వస్తుంది. ఇది లేకుండా పరీక్ష ముందురోజు చేయించే ధ్యానం, ఇంజిన్ ఆయిల్ లేని బండికి పూలదండ వేయడం లాంటిది.

అలాగని ఒంటిని పట్టించుకోకుండా ఉండలేం. అన్నిటికన్నా ముందు నిద్ర. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికాలోని నిద్ర వైద్యుల సంఘం 2016లో చెప్పింది. పగలు నేర్చుకున్నది గట్టిపడేది నిద్రలోనే. మన హాస్టళ్లలో రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్, తెల్లారి అయిదింటికి మళ్లీ బెల్లు. ఆరున్నర గంటలు కూడా దక్కవు. పైగా ఈడొచ్చే వయసులో ఒంటి గడియారమే వెనక్కి జరుగుతుంది, పెందలాడే నిద్ర పట్టదు. అది బద్ధకం కాదు. తెల్లవారుజామున లేచి చదివితే బాగా వస్తుందన్న నమ్మకం మనకుంది. రాత్రి తొమ్మిదికి పడుకున్నవాడికి ఆ సమయం నిజంగానే మంచిది, ప్రశాంతంగా ఉంటుంది. పదకొండుకు పడుకోబెట్టి నాలుగున్నరకు లేపడం మాత్రం, నిన్న చదివినదాన్ని చెరిపేసి ఇవాళ్టిది మొదలుపెట్టించడమే. పరీక్ష ముందు రాత్రి నైట్ అవుట్ గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

ఫోన్ సంగతి ఒక్క మాటలో: చదివే గదిలో ఉండకూడదు. పక్కన బోర్లా పెట్టినా చెయ్యి దానివైపే పోతుంది. పాఠాల వీడియోలు చూడాలంటే చూసి, ఇంకో గదిలో పెట్టి వచ్చి, చూసింది కాగితం మీద రాయాలి. వీడియో కూడా చదవడం లాంటిదే, చూస్తున్నంతసేపూ అంతా వచ్చేసినట్టే ఉంటుంది.

పరీక్ష హాల్లో తల ఖాళీ అయినప్పుడు ఏం చేయాలో పిల్లలకు ముందే చెప్పి ఉంచాలి, అప్పటికప్పుడు తోచదు. పెన్ను కింద పెట్టి, గాలి నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. వదిలే ఊపిరి పొడుగ్గా ఉంటే గుండె వేగం తగ్గుతుంది. అయిదారు సార్లు చేయడానికి నిమిషం పడుతుంది. ఆ తర్వాత కచ్చితంగా వచ్చిన ప్రశ్న ఒకటి ఎంచుకుని రాయడం మొదలుపెట్టాలి. ఒక జవాబు చేతిలోంచి కదిలితే రెండోది దాని వెంట వస్తుంది. ఆగిపోయిన ప్రశ్నకు జాగా వదిలి, గుర్తున్న ఒక మాట, ఒక బొమ్మ మార్జిన్‌లో పెట్టుకుంటే చాలు, తర్వాత దాన్ని పట్టుకుని లాగొచ్చు. పరీక్షకు ముందు పది నిమిషాలు మనసులోని భయాలను కాగితం మీద రాసేస్తే మార్కులు పెరిగాయని 2011లో షికాగోలో ఒక పరిశోధన చెప్పింది. తర్వాత చేసిన ప్రయోగాలన్నిట్లో ఆ ఫలితం రాలేదు. కాబట్టి అది మంత్రం కాదు. రాస్తే తేలికపడే పిల్లలు రాసుకోవచ్చు.

ఇంతవరకు చెప్పినవి పిల్లల చేతిలో ఉన్నవి. వాళ్ల చేతిలో లేనివీ ఉన్నాయి, అవే బరువైనవి.

అప్పజెప్పడానికి బళ్లో ఉన్న మంచి సాధనం స్లిప్ టెస్ట్. వారంవారం చిన్న చిన్న ప్రశ్నలతో గుర్తు తెచ్చుకునే సాధన, ఇంతకన్నా ఏం కావాలి? దాన్ని పాడుచేసింది ఆ మార్కులతో మనం చేసే పని. నేను చదివిన బళ్లో స్లిప్ టెస్ట్ మార్కులు గట్టిగా చదివేవారు. అయిదు కన్నా తక్కువ వచ్చినవాళ్లు పీరియడ్ అయ్యేదాకా నిలబడాలి. నిలబడిన రోజు నేను నేర్చుకున్నది పక్కవాడి పేపర్లోకి ఎలా చూడాలన్నది మాత్రమే. తప్పు చేసి నేర్చుకోవాల్సిన చోట తప్పుకు శిక్ష పెడితే, పిల్లలు తప్పును దాచడం నేర్చుకుంటారు. స్లిప్ టెస్ట్‌ను పిల్లలే దిద్దుకుని, మార్కులు ఎవరికీ చెప్పకుండా, ఎర్ర సిరా ఉన్నచోటే మర్నాడు మళ్లీ రాస్తే, అదే టెస్ట్ టెన్షన్‌కి మందవుతుంది.

ఎన్‌సీఈఆర్‌టీ 2022లో దేశవ్యాప్తంగా సుమారు 3.79 లక్షల మంది బడి పిల్లలతో చేసిన సర్వేలో, చదువు, పరీక్షలు, ఫలితాలే తమ ఆందోళనకు కారణమని 81 శాతం మంది చెప్పారు. మార్కుల ప్రకారం సెక్షన్లు చేయడం, వారం వారం పిల్లల్ని కింది సెక్షన్‌కు దించడం, 600కి 590 దాటినవాళ్ల ఫొటోలు ఫ్లెక్సీల మీద ఎక్కించడం మన దగ్గర ఎంత మామూలో ఎవరికీ చెప్పక్కర్లేదు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన 17 ఏళ్ల విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో తీర్పు ఇస్తూ, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు పెట్టింది. మార్కుల ఆధారంగా బ్యాచ్‌లు విడదీయడం, నలుగురిలో అవమానించడం మానాలని, 100 మంది, అంతకన్నా ఎక్కువ మంది విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సిలర్‌నో, సైకాలజిస్టునో నియమించాలని అందులో ఉంది. మీ పిల్లల బడిలో, కాలేజీలో ఆ కౌన్సిలర్ ఉన్నారా, ఎక్కడ కూర్చుంటారు అని పేరెంట్స్ మీటింగ్‌లో అడగండి. ర్యాంకుల గురించి అడిగే చోట ఈ ప్రశ్న కూడా పడాలి.

ఫలితాల రోజుల్లో ఇళ్లలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. తప్పితే ఏడాది పోతుందన్న భయం చాలామంది పిల్లల్లో ఉంది, అది నిజం కాదు. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ కొద్ది వారాల్లోనే జరుగుతుంది, అందులో పాసైనవాళ్లు అదే ఏడాది పైతరగతిలో చేరొచ్చు. ఈ సంగతి ఫలితాలు వచ్చాక కాదు, ముందే, మామూలు మాటల మధ్య చెప్పి ఉంచండి. పిల్ల రోజుల తరబడి సరిగ్గా నిద్రపోకపోయినా, తినకపోయినా, స్నేహితులతో మాటలు మానేసినా, "నేను లేకపోతే మీకే మంచిది" లాంటి మాట అన్నా, దాన్ని చదువు ఎగ్గొట్టే వేషంగా తీసుకోవద్దు. పక్కన కూర్చోండి, సూటిగా అడగండి, ఒంటరిగా వదలొద్దు. మానసిక ఇబ్బందుల్లో ఫోన్‌లో సాయం చేసే టెలి మానస్ నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లలైనా, తల్లిదండ్రులైనా చేయొచ్చు.

"మాకు ఇంగ్లిష్ రాదు, ఆ లెక్కలు రావు, మేమేం సాయం చేయగలం?" అని చాలామంది తల్లులు అంటుంటారు. పిల్లల చదువుకు ఇంట్లో కావాల్సింది పాఠం తెలిసిన మనిషి కాదు, వినే మనిషి. రాత్రి అన్నాలయ్యాక పుస్తకం మీ ఒళ్లో పెట్టుకోండి. "ఇవాళ బళ్లో ఏం చెప్పారో నాకు అర్థమయ్యేలా చెప్పు" అనండి. మీకు అర్థం కానిచోట అడగండి. మీ అనుమానానికి జవాబు చెప్పడానికి వాడు వెతుక్కునే ఆ నిమిషంలోనే పాఠం వాడికి వస్తుంది. తడబడితే కోప్పడొద్దు, "సరే, రేపు చూసుకుని చెప్పు" అంటే సరిపోతుంది. మర్నాడు మర్చిపోకుండా అడగండి. పావుగంట చాలు, కాకపోతే ఆ పావుగంట టీవీ ఆపేయాలి.